కొసరు వద్దన్న ముసలాయన

సారక్క కొసరుగా వేసిన వంకాయను ముసలాయన సంచిలోంచి తీసి, మళ్లీ ఆమె గంపలోనే వేశాడు.

కోరుట్ల వారపు అంగడిలో కొసరు కోసం కొట్లాడేవాళ్లే తప్ప, వచ్చిన కొసరు వదులుకున్నవాడు ఇంతవరకు పుట్టలేదు.

“ఏందే కాకా, పుచ్చుదా?”

“మంచిదే బిడ్డా. నాకు బరువైతది.”

“ఒక్క వంకాయ బరువా?”

“ఏం జేత్తం! మా తాత సిరిసిల్లల నేసిన పంచెను ఓ చీమ ఎత్తుకపోయింది. నేతోళ్లందరు ఎంబడి వడ్డరు, దొరకనే లేదు.”

“చీమకున్న బలం గూడ లేదా నీకు?”

సారక్క పకపకా నవ్వింది. ముసలాయన మాత్రం ఆమె పరుచుకున్న సంచిపట్టా పక్కన నేలను చూస్తూ, పెదవులు కదిపి, మెల్లగా వెళ్లిపోయాడు.

ప్రతి అంగడికీ ఇదే తంతు.

పక్కన అత్త బదులు ఈమధ్యే మిరపకాయలమ్ముతున్న కల్యాణి ఆమె చెవిలో వేసింది.

“అక్కా, నీ జాగ మీద కన్నువడ్డట్టుంది. ఏదో సదువుతుండు సూడు. మంత్రమేసి లేవగొడ్తడేమో!”

సారక్క పట్టాను దగ్గరికి లాక్కుంది.

పెనిమిటి పోయాక ఆమెకు మిగిలిన ఆధారం ఈ జాగ ఒక్కటే. అంగడిలో కొత్తవాళ్లకు చోటు దొరకడం మాటలా? కూరగాయల వరుసకు పెద్దదిక్కైన సత్యవ్వ, అడగకముందే పిలిచి కూర్చోబెట్టి, ఆ వెంటనే బిడ్డ పురుటికని సిరిసిల్ల వెళ్లింది. సత్యవ్వ నోట ఆ మాట పలికించింది ప్రభువేనని సారక్క చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది.

ప్రభువు మీద విశ్వాసం ఆమెకు కొండంత. మంత్రాల మీద భయం దానికన్నా జానెడు ఎక్కువ.

తర్వాతి అంగడికి ముసలాయన వచ్చాడు. వంకాయ మళ్లీ గంపలో పడింది. పెదవులు కదిలాయి.

“నా గంపల చెయ్యి వెట్టకు!” సారక్క అరిచింది. “నాకు యేసు ప్రభువున్నడు. నీ మంత్రాలు నాకాడ నడవయ్!”

జనం తిరిగి చూశారు.

చీమ పంచె ఎత్తుకుపోయిందని చెప్పిన ముసలాయన సంచి భుజానికెత్తుకున్నాడు.

“గట్లనే బిడ్డా,” అన్నాడు.

మళ్లీ రాలేదు.

గండం గడిచిందనుకుంది సారక్క. కానీ అంగడంతా కేకలే, బేరాలే. అంతమందిలో ఆమెను “బిడ్డా” అన్నవాళ్లు ఒక్కరూ లేరు. పొద్దుగూకాక తన ఊరు ముత్యంపేటలో ఆటో దిగి తాళం తీస్తే, పలకరించే దిక్కు లేదు.

“ప్రభువా, నాదే తప్పా?” అని మోకాళ్ల మీద అడిగింది.



సత్యవ్వ తిరిగొచ్చిన రోజు, సారక్క తన ఘనకార్యం ముందుగా చెప్పుకుంది.

“అవ్వా, నువ్వు లేనప్పుడు ఓ మంత్రాలాయనను ఎల్లగొట్టిన.”

“ఎవలే పిల్లా?”

“ఓ ముసలాయన. కొసరు ఎనుకకేసి, నేల సూసుకుంట ఏదో సదువుతుండె.”

సత్యవ్వ సర్దుతున్న సొరకాయను కింద పెట్టేసింది.

“మన కొమురయ్యనా? మంత్రం గాదే! ఆయన పెండ్లాం దుర్గవ్వ పొయ్యేదాంక గిక్కడనే కూసుండి అమ్మింది. పోయినంక గూడ కొసరు ఆమెకే ఇచ్చి, రెండు ముచ్చట్లు చెప్పుకోని పోతుండె.”

సారక్క తెలియకుండానే పట్టా మీద ఓ పక్కకు జరిగింది.

“ఈసారి అస్తె కాళ్లు మొక్కుత అవ్వా.”

“యాడస్తడే? నేనచ్చింది ఆయన సావుకే.”

 ఎవరో బీరకాయల ధర అడుగుతున్నారు. సారక్కకు వినిపించలేదు.

“గీ జాగకు ఎంతమంది ఎగవడ్డరో నీకేమెరుక,” అంది సత్యవ్వ, గొంతు తగ్గించి. “‘ముత్యంపేట పిల్లకు ఎవ్వలు లేరట, మా దుర్గవ్వ జాగ ఆమెకే ఇయ్యి, నేనన్నట్టు మాత్రం చెప్పకు’ అని నా చేతులు వట్టుకున్నది గా కొమురయ్యే.”