పెద్దమ్మకు మేత

చుక్కలకోడి కళ్లంలో గింజలు ఏరుకోవాలి, లేకపోతే పిల్లలకు పస్తే. వెంట తీసుకెళ్తే గద్ద తన్నుకుపోతుంది, వదిలి వెళ్తే పిల్లి మింగేస్తుంది.

"తల్లివయ్యాక ఇంటిపట్టున పడి ఉండాలి," అంది దిబ్బ మీది పుంజు.

"ఉంటే నువ్వు మేపుతావా?"

పుంజు మెడ తిప్పుకుంది.

పెరటి మూలన ఒక ముసలికోడి, గుడ్లు లేకపోయినా పొదగడానికి కూర్చునేది. ఇంటివాళ్లు నీళ్లలో ముంచినా మానేది కాదు. దాన్ని అందరూ పిచ్చిదనేవాళ్లు.

"పెద్దమ్మా, నా పిల్లల్ని చూస్తావా?" అంది చుక్కలకోడి.

"తేవే," అంటూ ముసలికోడి రెక్క ఎత్తింది.

నాలుగు రోజుల్లో పెరట్లోని పిల్లలన్నీ అక్కడికే చేరాయి. మట్టి గీకడం, గద్ద నీడ పడితే నక్కడం నేర్చుకున్నాయి. ఒక్కటీ పోలేదు. పెద్దమ్మే చిక్కి సగమైంది.

"నువ్వు దేవతవి!" అన్నాయి తల్లులు.

"సేవంటే ఇదీ!" అంది పుంజు.

"దేవతకైనా నైవేద్యం పెడతారు గదరా. పిల్లల్ని వదిలి నేను మేతకు పోలేను," అంది పెద్దమ్మ.

తల్లులు తమ గింజల్లోంచి తీయబోయాయి. పెద్దమ్మ ఆపింది.

"మీకే చాలవు, మీరెందుకే?" అని పుంజు వైపు తిరిగింది. "ఈ పిల్లల్లో నీవి కానివి ఏవిరా? నా మేత నువ్వు తే."

మర్నాడు తెల్లవారినా పుంజు కూయలేదు. దాని నోటి నిండా పెద్దమ్మకు తెచ్చిన గింజలున్నాయి.