తప్పు, మళ్లీ చెప్పండి

గోడ మీద మాటల పాఠం మొదలైతే, అది పూర్తయ్యేదాకా తలుపు తెరుచుకోదు, పొయ్యి వెలగదు. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా అంతే. కొడుకూ కోడలూ డ్యూటీకి వెళ్లాక, సూరీడమ్మ మనవరాలు లిఖితను ఒళ్లో కూర్చోబెట్టుకుని గోడ నిండా పరుచుకున్న పాఠం ముందు చతికిలబడింది. పిల్లా పెద్దా కలిసి ఒకే జవాబు చెప్పాలి.

గోడ మీద పొడుగాటి లేతపచ్చ కాయ వేలాడింది.

"ఆనపకాయ!" అన్నారిద్దరూ.

"తప్పు. మళ్లీ చెప్పండి," అంది గోడ తీయగా.

"తప్పేటి? పాదెట్టి పెంచినదాన్ని, నాకు సెప్తావేటి?"

గోడకి కోపం రాదు. మళ్లీ అదే మాట, అదే తీపి. చివరికి సూరీడమ్మే దిగొచ్చి, పిల్లతో కలిసి "సొరకాయ" అంది. గోడ చప్పట్లు కొట్టింది.

తర్వాత ఒక ముసలమ్మ బొమ్మ వచ్చింది. "నాన్నవాళ్ల అమ్మని ఏమని పిలుస్తాం?"

లిఖిత పకపకా నవ్వింది. "మామ్మ!"

"తప్పు. మళ్లీ చెప్పండి."

"మామ్మే! మా మామ్మే!" అని అరిచి అరిచి పిల్ల ఏడుపందుకుంది. మధ్యాహ్నం దాటింది. ఆకలికి దాని మొహం వాడిపోయింది. సూరీడమ్మ లేచి తలుపు లాగి చూసింది. కదల్లేదు. తిరిగొచ్చి పిల్ల చెవిలో గొణిగింది.

"నాయనమ్మ అనెయ్యమ్మా. దానికదే కావాలట."

ఇద్దరూ అన్నారు. వంటింట్లో పొయ్యి వెలిగింది.

వేడన్నంలో పప్పు కలిపి సూరీడమ్మ ముద్ద చేసింది.

"నాయనమ్మా, పెట్టు," అంది లిఖిత.

"మామ్మా అనమ్మా. పాఠం అయిపోనాది గదా."

లిఖిత తల అడ్డంగా ఊపింది.

"తప్పు. మళ్లీ చెప్పండి," అంది, అంతే తీయగా.