గుబురమ్మ జుట్టు

ఏటికి నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడల్లా ఎలుగుబంటి గుబురమ్మకు ఇదే గోల. "ఆ జుట్టేంటి వదినా, గాలివానకు చెదిరిన పిచ్చుక గూడులా? కాస్త అణుచుకోరాదూ?" అనేది నున్నటి ఒంటి దుప్పి. విని విని గుబురమ్మకే సిగ్గేసింది. ఒకనాడు తుమ్మజిగురు పూసుకుని, వీపు మీది జుట్టంతా నున్నగా అణిచేసింది. ఏటి దగ్గర అందరూ తెగ మెచ్చుకున్నారు.

పిల్లను వెంటబెట్టుకుని తిరిగొస్తుంటే పొదలో చిరుత కదిలింది. "ఎక్కు నాన్నా" అంటూ గుబురమ్మ వంగింది. పిల్ల ఎప్పట్లాగే వీపు మీదికి దూకింది. పట్టుకోడానికి జుట్టు చిక్కక జారి కిందపడింది. మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది. గుబురమ్మ వెనక కాళ్ల మీద లేచి గర్జించబట్టి చిరుత వెనక్కి తగ్గింది గానీ, లేకపోతే ఏమయ్యేదో.

"అమ్మా, నీ జుట్టేదీ?" అని పిల్ల ఏడ్చింది.

గుబురమ్మ నేరుగా ఏటికి నడిచింది. రాలిన కుంకుడుకాయలు రాతి మీద చితక్కొట్టి, అందరూ చూస్తుండగానే జిగురంతా వదిలేదాకా రుద్దుకుంది. ఒళ్లు దులుపుకోగానే జుట్టు గుబురుగా లేచి నిలబడింది.

"అయ్యో, మళ్లీ ఆ అవతారమేనా?" అంది దుప్పి.

"ఇదే నా అవతారం. నున్నగా చేయడం ఆ దేవుడికి చేతకాక కాదు, నిన్ను చేశాడుగా. నా వీపున బిడ్డ ఎక్కుతుందని తెలిసే నన్నిలా చేశాడు. చూడలేకపోతే అటు తిరిగి తాగు నీళ్లు."

పిల్ల రెండు గుప్పిళ్ల నిండా జుట్టు పట్టుకుని ఎక్కింది. గుబురమ్మ పక్కనుంచి తప్పుకుపోకుండా, అందరి మధ్య నుంచే నడిచి వెళ్లింది.