రొట్టెంత గీర

"గీరంటే ఏ గీర కాకా?" అన్నాడు మహిపాల్, గల్లా మీద రెండు చేతులూ ఆనించి.

"తిరిగే గీర," అన్నాడు సైదయ్య.

మిర్యాలగూడ మిషన్ సామాన్ల దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. సైదయ్య నవ్వలేదు. మాడుగులపల్లిలో అతని పిండిగిర్ని నిన్న పొద్దుటి నుంచి ఆగిపోయి ఉంది. బెల్టును తిప్పే చక్రం పగిలింది. జొన్నల సంచులు అరుగు నిండా పడి ఉన్నాయి. సాయంత్రానికి గిర్ని తిరగకపోతే అవన్నీ ఊరి అవతలి కొసన ఉన్న ఏసమ్మ గిర్నికి పోతాయి. పగిలిన చక్రాన్ని నమూనాకని తెచ్చి, ఆటోలోనే మరిచి, సద్దిమూటతో దిగాడు సైదయ్య.

"బండికీ గీరే, బాయికీ గీరే, సైకిల్‌కూ గీరే. నాకెట్ల తెలుస్తది?"

"మా కోదాడ వైపు గీరంటే పొగరండీ," అన్నాడు పక్కనున్న లారీ డ్రైవర్ అబ్రహాం. "ఆ సరుకు ఈయన దగ్గరే దండిగా ఉన్నట్టుంది."

"మోటర్‌ది బిడ్డా. బెల్టు ఎక్కేది."

"గట్ల సెప్పు! పుల్లీ. ఎంత సైజు?"

సైదయ్య చేతులు ఎడం చేసి చూపాడు. ఒకసారి పళ్లెమంత అయింది, ఇంకోసారి జల్లెడంత.

"చిన్నమ్మకు ఫోన్ కొట్టి అడుగరాదు?"

"వద్దు. ఆటోల ఇడిశిపెట్టిన్నంటే మీ చిన్నమ్మ నన్ను ఇంటి కడప తొక్కనియ్యదు."

ఏమీ తోచక సద్దిమూట విప్పాడు. రొట్టెలను చూడగానే మొహం వెలిగింది.

"అరే, గిదే! మా పద్మమ్మ రొట్టె, గిర్ని గీర, రెండూ ఒక్కటే సైజు. నేను రోజూ అంటనే ఉంట. ఇరవై ఏండ్ల సంది గోరంత అటిటు కాలే!"

మహిపాల్ టేపు తీశాడు. అబ్రహాం రొట్టెను రెండో కొసన పట్టుకున్నాడు. తొమ్మిది అంగుళాలు. లోపలి నుంచి పుల్లీ తెచ్చి రొట్టెను దాని మీద పెడితే అంచుకు అంచు కలిసింది.

"బిగించినంక వాపస్ తీసుకోను కాకా."

"నీకా పరేషాన్ వద్దు. మా ఆమె చేతి కొలత అది."

మూడింటికల్లా గిర్నికి పుల్లీ బిగించాడు. బెల్టు ఎక్కలేదు. గోడకు కాలు తన్నిపెట్టి లాగాడు. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్లూ కొంగులు బిగించి లాగారు. బెల్టు నాలుగు వేళ్ల దూరంలో ఆగి కదలనంది. ఒక్కొక్క సంచీ అరుగు దిగి ఏసమ్మ గిర్ని దారి పట్టింది.

"దేంతోని కొలిచినవ్?" అంది పద్మమ్మ.

"నీ రొట్టెతోనే! నీ కొలత ఎన్నడన్న తప్పిందా?"

పద్మమ్మ నెత్తి కొట్టుకుంది.

"నిన్నటి సంది గిర్ని బందుంటే ఇంట్ల పిండేడిదయ్యా? అవి ఏసమ్మ పంపిన రొట్టెలు!"