విప్పి అతికించిన ఉత్తరం

నీలం కవరు ఒక అంచు కత్తిరించి, మళ్ళీ అతికించి ఉంది. బంక ఎండి పెచ్చులు లేచింది.

"నీ బిడ్డ ఉత్తరం నీకంటె ముందుగాల్నే ఎవడో చదివిండు, ఐలవ్వక్కా," అన్నాడు పోస్టు అంతయ్య. "గక్కడి సర్కారోళ్ళే అయ్యుంటరు."

కవరు ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

తొంభై రెండు, ఏప్రిల్. మా రాజమణి ఆఫ్రికాలో మలావి అనే దేశానికి, కన్యస్త్రీల ఆసుపత్రికి నర్సుగా పోయి రెండేండ్లు.

అరుగు మీదే కూలబడి చదివాను.

"అవ్వా, గీడ గుళ్ళల్ల ఒక ఉత్తరం చదివిండ్రు. సర్కారు గడగడ వణికింది. మేత్రాణులను పోలీసులు పిలిపిచ్చుకున్నరు."

మేత్రాణులంటే బిషప్పులు. అంతపెద్ద మనుషులు!

ఆపైన అక్షరాలు కనబడలేదు.

మా గుడిలో ఒక ఆనవాయితీ ఉంది. దూరం పోయినవాళ్ళ ఉత్తరం వస్తే, ఆదివారం పూజ అయ్యాక అందరి ముందూ చదువుతారు. జ్వరమొచ్చినా, జీతం పెరిగినా అందరికీ తెలియాల్సిందే.

అక్కడా అంతే అనుకున్నాను.

క్రిస్మస్ అయ్యాక నేను రాసిన ఉత్తరం గుర్తుకొచ్చింది. "ఆ దేశం పెద్దాయన ఎవ్వల్నీ నోరు తెరువనియ్యడట గదా బిడ్డా. గంత ముసలోడై గూడ కుర్సీ ఇడువడట. గసొంటి జాగల ఉండకు, వచ్చెయ్."

ఇంకేముంది. నా ఉత్తరమే చదివారు. నా మూలాన బిషప్పులు ఠాణాకెక్కారు.

చెప్పులు లేకుండానే ఫాదర్ దగ్గరికి ఉరికాను.

ఫాదర్‌ది కేరళ. నా మాట మొత్తం విని, నవ్వి నవ్వి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఐలవ్వా, నీ ఉత్తరానికి అంత బలం ఉంటే, ముందు మన ఊరికి రోడ్డు వేయించేవాళ్ళం కదా!"

మిగతాది ఆయనే చదివి చెప్పారు. అది ఏడుగురు బిషప్పులు కలిసి ప్రజలకు రాసిన ఉత్తరమట. ఈస్టరు ముందర వచ్చే తపస్సుకాలం మొదటి ఆదివారం, దేశంలోని కథోలిక గుళ్ళన్నిట్లో ఒక్కనాడే చదివారట. పేదల బతుకు గురించి, ఆసుపత్రుల తీరు గురించి, నిజం మాట్లాడితే నేరమైపోవడం గురించి. ఇప్పుడు ఆ కాగితం ఇంట్లో దొరికినా జైలేనట.

"మా పిల్ల దగ్గర గా కాగితం గిట ఉన్నదా, ఫాదర్?"

ఆయన పేజీ తిప్పారు. నవ్వు ఆగిపోయింది.

రాజమణి అందులోని మాటలు తెలుగు చేసి పంపింది. రెండు పేజీల నిండా. చివర ఇలా రాసింది.

"కాగితం పొయ్యిల పెట్టిన. మాటలు నీకు పంపిన. ఇప్పెటోనికి తెలుగు రాదు, ఫికర్ జెయ్యకు. గివి మన గుడిల చదివియ్యి, అవ్వా."

ఫాదర్ ఒక్క వాక్యం పైకి చదివారు. తాను నమ్మిన నిజం చెప్పినందుకు ఎవరికీ శిక్ష పడకూడదని ఉంది అందులో.

చదివి, కిటికీలోంచి చూశారు.

గుడికెదురుగా బడి. బడిలో పోయినేటి నుంచి పోలీసు క్యాంపు.

"ఇది మలావి సంగతి అంటే వాళ్ళు నమ్మరు. మన సంగతే అనుకుంటారు."

దేవవ్వ కొడుకు కైలాసం తునికాకు కూలి పెంచాలని నలుగురిని పోగుచేసినందుకు, క్యాంపు వాళ్ళు జీపులో ఎక్కించుకుని పోయి నలభై రోజులు. ఎక్కడున్నాడో ఎవరూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

గుడిలో దేవవ్వ నా పక్కనే కూర్చుంటుంది.

"నాకు భయంగా ఉంది, ఐలవ్వా," అన్నారు ఫాదర్.

భయం సంగతి నాకు చెప్పాలా? లక్సెట్టిపేట బస్సు పావుగంట ఆలస్యమైతే గోదాట్లో పడిందనుకునేదాన్ని.

గుడిలో నేనే చదువుతాననేసరికి, ఇంట్లో మా ఆయన బుచ్చిరాములు అన్నం ముందు నుంచి లేచాడు. గుడి గంట కొట్టేది, తలుపులు తీసేది ఆయనే.

"గది చదివితె జీపు మనింటికే అస్తది."

"రానియ్."

"అబ్బో! పిల్లి అడ్డమస్తె మూడ్రోజులు గడప దాటనిదానివి, నువ్వేనా గీ మాటలనేది?"

"గన్ని దేశాలు దాటి అచ్చింది గా ఉత్తరం. మన గుడి గడప దాటదా?"

ఆయన మళ్ళీ కూర్చుని అన్నం కలుపుకున్నాడు.

ఆదివారం పూజ అయింది.

"ఈ వారం ఉత్తరాలేమీ..." అని ఫాదర్ ఆగారు. నా వైపు చూశారు.

లేచి నిలబడ్డాను.

ఏడో తరగతి చదువు నాది. అక్షరాల కింద వేలు పెట్టుకుని చదువుతాను. రాజమణి పంపిన మాటలు మొదలుపెట్టాను.

బయట గోడ దగ్గరికి క్యాంపు వాళ్ళు ఇద్దరు చాయ్ గ్లాసులతో వచ్చి నిలబడ్డారు.

బుచ్చిరాములు తలుపులు మూయబోయాడు.

"ఉండనియ్," అన్నాను, తల ఎత్తకుండానే. "గాలి రానియ్."

ఆయన రెండు తలుపులూ గోడకంటా తెరిచి, పక్కనే నిలబడ్డాడు.

దేవవ్వ నా చీర కొంగు పట్టి గుంజింది.

"జర గట్టిగ చదువు, అక్కా."

మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాను.

అక్కడ కవరు విప్పినవానికి తెలుగు రాదు.

ఇక్కడ అందరికీ వచ్చు.