వెనక షెడ్డు గెలుపు

“బావా, ఇక్కడ ఊపిరి పీల్చుకోవడానికి తీరిక లేదు. మీరేమో బంతాడుకుంటున్నారా?”

ముందు షెడ్డు గుమ్మంలోంచి తొంగిచూస్తూ అడిగాడు బావమరిది. చేతులనిండా గ్రీజు, చెవికీ భుజానికీ మధ్య ఫోను.

“ఇది ఆట కాదురా, అన్నం,” అన్నాడు ఫోర్‌మన్ రొప్పుతూ. “నువ్వూ నేర్చుకో. తర్వాత నన్ననుకుని లాభం లేదు.”

నీటి పంపులు బాగుచేసే కంపెనీ అది. ముందు షెడ్డులో బావమరిది మెకానిక్కు, వెనక షెడ్డుకు ఫోర్‌మన్ పెద్దదిక్కు. మార్కెట్ పడిపోయిందనీ, నెలాఖరుకల్లా ఒక షెడ్డు మూసేస్తారనీ కబురు క్యాంటీన్ దాకా పాకింది. ఏ షెడ్డో మాత్రం ఎవరికీ తెలీదు. సరిగ్గా అప్పుడే కొత్త జనరల్ మేనేజరుగారు రెండు షెడ్లకూ ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. ఏ మీటింగులోనైనా ఆయనది ఒకటే పాట: “వ్యాపారమంటే ఆటేనయ్యా! మైదానంలో మనిషి ఎలా ఉంటాడో పనిలోనూ అలాగే ఉంటాడు.”

ఇంకెలా చెప్పాలి? గెలిచిన షెడ్డు ఉంటుంది, ఓడిన షెడ్డు పోతుంది. ఫోర్‌మన్ బుర్ర మామూలుది కాదు, ఇట్టే పట్టేసింది.

ఆ రోజు నుంచి వెనక షెడ్డులో పదకొండు మందికీ భోజనాలయ్యాక రెండు గంటల ప్రాక్టీసు. పంపులొచ్చిన ఖాళీ పెట్టెలే గోల్‌పోస్టులు. నడుం పట్టేసిన ఫిట్టరుకు కూడా మినహాయింపు లేదు. అంత క్రమశిక్షణ ఆ షెడ్డు పుట్టాక ఎప్పుడూ చూడలేదు.

ఇంట్లో భార్య కళ్లు ఒత్తుకుంది. “మీరు గెలిస్తే మా తమ్ముడి ఉద్యోగం పోతుంది. మీరు ఓడితే మన ఇల్లు గడవదు. నేనెవరికి చప్పట్లు కొట్టాలండీ?”

“మనకే కొట్టు. ప్రాక్టీసు చెయ్యరా అని వాడికి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. విన్నాడా?”

పోటీ రోజున, ముందు షెడ్డు వాళ్లు ఎనిమిది మందే వచ్చారు. మిగతా ముగ్గురూ రిపేర్లకు బయటికెళ్లారట! గోల్ దగ్గర బావమరిది నిలబడ్డాడు. రెండో సగంలో అతని ఫోను మోగింది.

“పంపు గుర్రుమంటోందా అమ్మా? స్విచ్ ఆపెయ్యండి. ఆట అవగానే వచ్చేస్తా.”

బంతి అతని కాళ్ల మధ్య నుంచి దర్జాగా వెళ్లిపోయింది. మైదానమంతా పగలబడి నవ్వింది.

ఏడు–సున్నా. ఫోర్‌మన్‌ను భుజాలకెత్తుకున్నారు. పైనుంచి చూస్తే బావమరిది టూల్‌బాక్సు పట్టుకుని గేటు వైపు పరుగెడుతున్నాడు. ఫోర్‌మన్‌కు జాలేసింది. పాపం, వెర్రిబాగులవాడు.

కప్పు చేతికిస్తూ జనరల్ మేనేజరుగారు అడిగారు. “ఏడు గోల్సా! ఎలా సాధించారయ్యా?”

“మూడు వారాలు కష్టపడ్డాం సార్. పదకొండు మందిమీ రోజూ రెండేసి గంటలు.”

“డ్యూటీలోనా?”

ఫోర్‌మన్ ఛాతీ విరిచాడు. “డ్యూటీలోనే సార్. కానీ ఒక్క పని ఆగితే ఒట్టు!”

“ఒక్కటీ ఆగలేదా?”

“ఒక్కటంటే ఒక్కటి కూడా!”

“భేష్,” అన్నారాయన. “ఇదే నాక్కావాల్సింది.” భుజం తట్టి మరీ వెళ్లారు.

ఫోర్‌మన్ ఇంటికొచ్చి కప్పును టీవీ పక్కన పెట్టాడు. భార్య దాని వైపు చూడలేదు.

“ఏడవకే. మీ తమ్ముడి సంగతి పెద్దసారు చెవిన ఒక మాట వేస్తాలే. ఇప్పుడు నా మాటకు విలువుంది,” అన్నాడు.

సోమవారం వెనక షెడ్డుకు తాళం పడింది.