గుమ్మం దగ్గరి మాట

"బయటే నిలబడిపోయావేంటమ్మాయ్? లోపలికి రా."

చిలకమ్మ తలెత్తకుండానే పిలిచింది. బల్ల మీద పరిచిన గుడ్డకి అంచు అద్దుతోంది ఆమె. చెక్క అచ్చుకి ఎర్రరంగు అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేస్తుంది. తీగకి ఒక ఆకు పడుతుంది. పెడనలో ఆ వీధంతా కలంకారీ అద్దకమే. పొద్దున లేస్తే ఇంటింటా ఆ చప్పుడే.

సుమతి చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. వేళ్ళకి సుద్దపొడి అలాగే ఉంది.

"బడి వదలకముందే వచ్చేశావే?"

"తలనొప్పిగా ఉంది పిన్నీ."

"ఉండదా మరి? రాత్రిళ్ళు నిద్రపోతేగా." చిలకమ్మ అచ్చు పక్కన పెట్టి, మొహమంతా నవ్వుతో చూసింది. "పోన్లే, మొత్తానికి మా గుమ్మం తొక్కావు. ఎన్నిసార్లు పిలిచాను! బడి, ఇల్లు, బడి, ఇల్లు. 'నేనొస్తే ఎవరింట్లో ఏమవుతుందో పిన్నీ' అంటావు. నువ్వొస్తే మా ఇంటికేమవుద్దే, పిచ్చిదానా?"

సుమతి గోడవారన ఉన్న పీట మీద కూర్చుంది.

సుమతి భర్త రాజబాబు ఎండాకాలంలో పోయాడు. గుండెపోటు. ఆ రోజుల సంగతులు ఆమెకి సరిగ్గా గుర్తులేవు. చిలకమ్మ మాత్రం గుర్తుంది. రోజూ వచ్చి పక్కన కూర్చునేది. ఓదార్పు మాటలేవీ చెప్పేది కాదు. అన్నం తినిపించేది, తల దువ్వేది. పరామర్శకి వచ్చినవాళ్ళెవరైనా లేస్తూ "వెళ్ళొస్తాను" అనబోతే కసురుకునేది.

"చావింట్లో ఆ మాట అనకూడదని తెలీదూ? ఊరికే లేచి వెళ్ళండి."

అందరూ అలాగే లేచి వెళ్ళారు. తెలుగు పాఠాలు చెప్పే సుమతికి అప్పట్లో మనసుకి పట్టింది అదొక్కటే. ఒక మాట లేకుండా ఇల్లు ఖాళీ అవుతుండేది.

"అన్నం తిన్నారా పిన్నీ?"

"ఈ అంచు అయ్యాక తింటాలే. చేతులు చూడు, ఎలా ఉన్నాయో." మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి.

"నేను పెడతాను."

సుమతి చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి పక్కన గిన్నెలో చింతపండు నానబెట్టి ఉంది. దాన్ని కాసేపు చూసింది. పళ్ళెంలో పెరుగన్నం కలుపుకుని వచ్చింది.

"ఆ రోజు నీ నోట్లో రెండు ముద్దలు కుక్కానని పగబట్టావా ఏంటే?"

"అవును. నోరు తెరవండి."

చిలకమ్మ నవ్వుతూ తింది. "మీ బాబాయి పోయినప్పుడు నాకిలా పెట్టినవాళ్ళు లేరమ్మాయ్. అందుకే నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను. చూశావా, ఇంకొకరికి పెడితే మనకీ కాస్త తేలికవుద్ది. నువ్వు రోజూ రా."

"తినండి."

"మా అబ్బాయి పవన్ సాయంత్రానికి వస్తానన్నాడు. కృత్తివెన్ను నుంచి చేపలు తెస్తాడంట, చింతపండు నానబెట్టి ఉంచమన్నాడు. పొద్దుట్నుంచి ఫోన్ చేస్తున్నా, ఎత్తడు. రొయ్యల చెరువు గట్టున ఎక్కడో పడేసుంటాడు."

"ఇంకో ముద్ద."

"వాడు నీ దగ్గర చదివాడు కదా, ఒక్క సంధైనా వచ్చిందా వాడికి?"

"ఒక్కటి వచ్చింది. వెళ్ళి, వస్తాను. వెళ్ళొస్తాను. ఏ సంధి అడిగినా అదే చెప్పేవాడు."

చిలకమ్మకి పొలమారింది. నవ్వాపుకుని నీళ్ళు తాగింది. "గొప్పే! గుమ్మం దాటేటప్పుడు మాత్రం 'వెళ్తున్నా' అని అరుస్తాడు. వెళ్తున్నా ఏంట్రా, వెళ్ళొస్తాననమని రోజూ తిట్టాల్సిందే. మొన్న మాత్రం అడక్కుండానే అన్నాడు. బండెక్కి, వీధంతా వినపడేలా. 'వెళ్ళొస్తానమ్మోయ్' అని."

ముద్ద పట్టుకున్న సుమతి చెయ్యి గాలిలో ఆగింది.

"ఏంటే?"

"పచ్చిమిరపకాయ వచ్చింది. తీస్తున్నా."

సంచిలో ఫోను మోగింది. సుమతి చూసి, నొక్కేసి, బోర్లా పెట్టింది.

"ఎవరు?"

"మళ్ళీ చేస్తారులెండి. బీపీ మాత్ర వేసుకున్నారా?"

"అదీ నువ్వే మింగించు, నా తల్లివి కదా."

సుమతి మాత్ర తెచ్చి నోట్లో వేసి, గ్లాసు పెదవులకి ఆనించింది. చీరకొంగుతో ఆమె మూతి తుడిచింది. పళ్ళెం కడిగి బోర్లించి వచ్చింది.

చిలకమ్మ మళ్ళీ బల్ల దగ్గరికి చేరి, అచ్చు చేతిలోకి తీసుకుని ఆగింది. "ఏంటే, ఎదురింటివాళ్ళు అద్దకం ఆపేశారు? ఆ పక్కింట్లోనూ చప్పుడు లేదు. అందరూ అప్పుడే భోజనాలకి లేచారా?"

వీధి మలుపులో ఏదో బండి వచ్చి ఆగింది. సుమతి లేచి గుమ్మం దాకా వెళ్ళి అటు చూసింది. అంబులెన్సు.

"అప్పుడే బయల్దేరావా? సరే వెళ్ళు, తలనొప్పన్నావుగా. కాసేపు పడుకో."

సుమతి ద్వారబంధం పట్టుకుని నిలబడింది. అక్కణ్ణించి కదల్లేదు. వెనక్కి తిరిగి చిలకమ్మని చూసింది.

చిలకమ్మ ఆమెకేసి జాలిగా చూసింది.

"ఆ మాట అనడానికి జంకుతున్నావా? మీ ఇంట్లో ఎవర్నీ అననివ్వలేదు గానీ, మా ఇంట్లో అనొచ్చే అమ్మాయ్. వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళు."

సుమతి ఆ మాట అనలేదు.